కొల్లాజెన్ జెల్‌లో చర్మ నమూనా: పోత పోసేటప్పుడు చూసుకోవాల్సినవి

కొల్లాజెన్ అనే ప్రోటీన్ జెల్‌లో మనిషి చర్మ కణాలు పెంచి, ల్యాబ్‌లో చర్మంలాంటి నమూనా కట్టే పద్ధతి ఇది. దాత రాతపూర్వక అనుమతి, మైకోప్లాస్మా (కల్చర్‌ను పాడుచేసే సూక్ష్మ బాక్టీరియా) పరీక్ష ఫలితం చేతిలో ఉన్నాకే కణాలు తీయండి. ఫైబ్రోబ్లాస్టులు (చర్మం లోపొర కణాలు) ఆరో పాసేజ్ (కణాలను కొత్త పాత్రలోకి మార్చి పెంచే ఒక్కో విడత) దాటకపోతే మంచిది. కెరటినోసైట్లైతే (చర్మం పైపొర కణాలు) రెండు, మూడు పాసేజ్‌లలోనే వాడేయాలి; ముదిరితే పొరలు కట్టవు.

10 మి.లీ. జెల్‌కు: మి.లీ.కు 4 మి.గ్రా. ఉన్న ఎలుకతోక కొల్లాజెన్ 5 మి.లీ., పదిరెట్ల గాఢత డీఎంఈఎం (కణాలు పెంచే పోషక ద్రవం, అంటే మీడియం; ఆమ్ల, క్షారాలకు రంగు మారే సూచిక ఇందులో ఉంటుంది) 0.6 మి.లీ. రెండూ మంచు మీదే కలపాలి. ఆపై 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేస్తూ రంగు చూడండి. పసుపు పోయి లేత గులాబీ రాగానే ఆపేయాలి. ముదురు గులాబీ అయిందా, క్షారం ఎక్కువైనట్టే, కణాలు చస్తాయి. పసుపుగానే ఉంటే జెల్ గట్టిపడదు.

చివరగా సీరం కలిపిన మామూలు మీడియంలో 10 లక్షల ఫైబ్రోబ్లాస్టులు కలిపి మొత్తం 10 మి.లీ. చేయండి. పిపెట్‌ను చివరిదాకా నొక్కొద్దు, బుడగలొస్తాయి. బుడగ ఉన్నచోట తర్వాత చిల్లే. ఇన్సర్ట్‌లలో (అడుగున సన్న రంధ్రాల పొర ఉన్న చిన్న గిన్నెలు) పోసి 37 డిగ్రీల్లో 45 నిమిషాలు కదపకుండా ఉంచాలి.

రోజులు గడిచేకొద్దీ జెల్ అంచులు వదిలి లోపలికి ముడుచుకుంటుంది. కంగారు వద్దు, ఫైబ్రోబ్లాస్టులు లాగుతున్నాయంతే. మరీ చిన్నదైపోతే మాత్రం తర్వాతిసారి కణాలు తగ్గించండి.

ముడుచుకోవడం నెమ్మదించాక పైన కెరటినోసైట్లు వేసి, రెండు రోజులు మీడియంలో మునిగేలా ఉంచి, తర్వాత పై మీడియం తీసేయండి. పైభాగానికి గాలి, అడుగున మీడియం: అలా రెండు వారాలు. పైన తడి చేరితే కొమ్ముపొర (చర్మం మీది గట్టి పైపొర) సరిగా రాదు. రోజూ చూసి పీల్చేయాలి.