స్కాట్లండ్ కౌన్సిల్ ఎన్నిక: అంకెలు వేసే ముందు జాగ్రత్తలు

ఊళ్లో ఉన్నప్పుడు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేయడం, లెక్కింపు తెల్లవార్లూ సాగడం, చెల్లని ఓట్లు వేలల్లో తేలడం, డిగ్రీ చదివి ఓటేయడం కూడా రాదా అని జనం నవ్వుకోవడం అన్నీ చూసినవే. స్కాట్లండ్‌లో 32 కౌన్సిళ్లకు 2007 నుంచి ఇదే ప్రాధాన్య ఓటు. తేడా ఒక్కటే. ఎమ్మెల్సీ సీటు ఒకటి, ఇక్కడ ఒక్కో వార్డు నుంచి ఎక్కువగా ముగ్గురో నలుగురో కౌన్సిలర్లు గెలుస్తారు. వచ్చే ఎన్నిక 2027 మే 6న.

గ్లాస్గో, అబర్డీన్ వైపు మన పిల్లలను అడిగితే, “మాకెక్కడ ఓటుందండీ, ఇండియన్ పాస్‌పోర్టు కదా” అంటారు. ఉంది. కామన్‌వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే, స్టూడెంట్ వీసా మీదున్నా సరే, నమోదు చేసుకుని ఓటేయొచ్చు. 16 ఏళ్లు నిండితే చాలు. ఉన్న చిక్కంతా నమోదు దగ్గరే. పోలింగ్‌కు సుమారు 12 పనిదినాల ముందే గడువు ముగుస్తుంది, ఆ తర్వాత ఎవరిని బతిమాలినా లాభం లేదు. ఆన్‌లైన్ ఫారంలో నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఉద్యోగానికి, పన్నులకు ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే నంబరు) అడుగుతారు. ఆ రికార్డులో మీ పేరు ఎలా ఉందో ఇక్కడా అలాగే రాయండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఉత్త ఇనీషియల్ ఉంటే ఆధారాలు పంపమని ఉత్తరం వస్తుంది. అద్దె ఇల్లు మారినప్పుడల్లా మళ్లీ నమోదు చేసుకోవాలి, మనవాళ్లు మర్చిపోయేది ఇదే. ఓటర్ల జాబితాలోనే ఓపెన్ రిజిస్టర్ అని ఒకటుంటుంది, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. అందులో పేరు వద్దనుకుంటే అప్పుడే వద్దని టిక్ పెట్టేయండి.

ఇక అసలు సంగతి. 2022లో చెల్లకుండా పోయిన ఓట్లు 2 శాతానికి కాస్త తక్కువ. వాటిలో ఎక్కువ భాగం ఒకరికి మించి 1 పెట్టినవే. ఇది తెలివితక్కువ వల్ల జరిగేది కాదు. అప్పట్లో నాతో పనిచేసే ఒకాయన తలుపు సందులోంచి వచ్చిన కరపత్రంలో ఒకే పార్టీ అభ్యర్థులు ఇద్దరి ఫొటోలు చూసి, ఇద్దరూ మనవాళ్లే కదా అని ఇద్దరికీ 1 పెట్టి వచ్చాడు. మధ్యాహ్నం టీ దగ్గర గొప్పగా చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఓటు ఆ ఇద్దరిలో ఎవరికీ పడలేదు. 1 ఒక్కరికే. 1 సరిగ్గా వేసి, 2 ఇద్దరికి పెడితే ఆ కాగితం మొదటి ప్రాధాన్యం వరకే పనికొస్తుంది.

ఇంటూ మార్కు అలవాటు ఇంకో గొడవ. స్కాటిష్ పార్లమెంటుకు ఇంటూ పెట్టాలి, కౌన్సిల్‌కు అంకె వేయాలి. 2007లో ఈ రెండూ ఒకే రోజు పెట్టారు. పైగా పార్లమెంటుకు వేయాల్సిన రెండు ఓట్లూ (నియోజకవర్గానికి ఒకటి, ప్రాంతానికి ఒకటి) ఒకే కాగితం మీద అచ్చేశారు. లక్షకు పైగా పార్లమెంటు ఓట్లు చెల్లకుండా పోయి పెద్ద రచ్చయింది. రాన్ గౌల్డ్ అనే కెనడా నిపుణుడితో విచారణ చేయించి, రెండు ఎన్నికలనూ విడదీశారు. అందుకే 2011లో రావాల్సిన కౌన్సిల్ ఎన్నిక 2012కు మారింది. కానీ చేతికి అలవాటు పోదు. ఒక్కరి పక్కనే ఇంటూ ఉంటే ఉద్దేశం తెలుస్తోందని అధికారి లెక్కలోకి తీసుకోవచ్చు. రెండు ఇంటూలు పెట్టారా, గోవిందా.

ఎన్ని అంకెలు వేయాలి? ఒకటి వేసినా చెల్లుతుంది. అయినా నచ్చినంతవరకూ వేయమనే నేను చెబుతాను. రెండో ప్రాధాన్యం ఇస్తే మొదటివాడికి నష్టమని ఒక భయం ఉంది, అది ఉత్తదే. వార్డులో 8,000 ఓట్లు చెల్లి, సీట్లు నాలుగుంటే కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్లు, 1,601. ఒకరికి 2,001 వచ్చాయనుకోండి, ఆయన సీటు ఖాయం. మిగిలిన 400 వృథా పోవు. ఆయన కాగితాలన్నీ సుమారు ఐదో వంతు విలువతో తర్వాతి ప్రాధాన్యానికి వెళ్తాయి. అందరికన్నా వెనకబడ్డవాడి కాగితాలైతే ఆ సమయానికి వాటికున్న పూర్తి విలువతో వెళ్తాయి. మీ 2 అక్కర్లేకపోతే ఎవరూ దాని జోలికే పోరు. ఈ లెక్కంతా కాగితాలను స్కాన్ చేసే యంత్రాలది. మీరు చేయాల్సిందల్లా అంకె గుండ్రంగా, గడిలోపల వేయడం. 1ని 7లా వంకర తిప్పే చేతిరాత ఉన్నవాళ్లు కాస్త నిదానించండి.

పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి. ఒకే పార్టీవాళ్లు ఇద్దరుంటే పైనున్నవాడికే మొదటి ప్రాధాన్యాలు ఎక్కువ పడతాయని ఇక్కడ అందరికీ తెలిసిందే. యలమంచిలివాళ్లు నిలబడితే కష్టమే మరి! అందుకే కొన్ని పార్టీలు ఈ వీధికి ఈయన 1, ఆ వీధికి ఆమె 1 అని పంచుకుంటాయి. అది వాళ్ల అవసరం, మీ వరుస మీ ఇష్టం.

ఫొటో గుర్తింపు కార్డు కౌన్సిల్ ఎన్నికకు అక్కర్లేదు, వెస్ట్‌మినిస్టర్ (లండన్‌లోని యూకే పార్లమెంటు) ఎన్నికకే కావాలి. పోలింగ్ కార్డు మర్చిపోయారని వెనక్కి వెళ్లకండి, పేరు, చిరునామా చెబితే చాలు. ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకూ సమయం.

పోస్టల్ ఓటైతే లోపల ఒక ఫారం ఉంటుంది. పుట్టిన తేదీ అడిగిన చోట ఆ రోజు తేదీ రాసేసి ఓటు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. సంతకం దరఖాస్తులో పెట్టినట్టే ఉండాలి. చివరి రోజు పోస్టు డబ్బాలో వేస్తే అందకపోవచ్చు, మీ కౌన్సిల్ పరిధిలోని పోలింగ్ కేంద్రంలో ఇచ్చి రండి.

బూత్‌లో అంకె తప్పు పడితే దిద్దకండి. కాగితం పెట్టెలో వేయకముందే బల్ల దగ్గరకు తీసుకెళ్లి చెప్పండి. పాతది తీసుకుని కొత్తది ఇస్తారు.