మ్యాక్ ప్రో కొత్తది ఎప్పుడొస్తుంది? పుకార్లను తూకం వేసే పద్ధతి

వర్క్‌స్టేషన్ (భారీ పనులకు వాడే శక్తిమంతమైన కంప్యూటర్) కొనేముందు ‘రెండు నెలలు ఆగితే కొత్తది వస్తుందట’ అనే మాట వినపడుతూనే ఉంటుంది. ఆ మాటను నమ్మొచ్చో లేదో తేల్చుకోవడానికి ఆపిల్ వర్క్‌స్టేషన్ మ్యాక్ ప్రో చరిత్ర బాగా పనికొస్తుంది.

ముందు సగటు లెక్కలు పక్కన పెట్టండి. 2010 మోడల్ తర్వాత 2012 జూన్‌లో పాత ప్రాసెసర్లకే కాస్త వేగం పెంచి వదిలారు. 2013 డిసెంబరులో సిలిండర్ మోడల్ వచ్చింది. ఆ తర్వాతది 2019 డిసెంబరులో, అంటే ఆరేళ్లకు. దాని తర్వాతది 2023 జూన్‌లో. ఈ విడుదలల్లో వరుస లేదు కాబట్టి సగటు తీసి తేదీ చెప్పేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

చూడాల్సిన మొదటి విషయం చిప్. చిప్ లేకపోతే మెషీన్ రాదు, కానీ చిప్ ఉన్నంత మాత్రాన వస్తుందనీ లేదు. వర్క్‌స్టేషన్ల కోసం ఇంటెల్ చేసిన కొత్త జియాన్ ఈ5 చిప్పులు 2012 మార్చిలోనే బయటికొచ్చాయి. అయినా జూన్ మోడల్‌లో ఆపిల్ పాతవే పెట్టింది. ఇప్పటి చిప్పుల్లో మరో మెలిక ఉంది. 2025 మార్చిలో మ్యాక్ స్టూడియోను (ఆపిల్‌దే చిన్న పెట్టెలాంటి డెస్క్‌టాప్) ఎం4 మ్యాక్స్ చిప్‌తోనూ, పైస్థాయిదైన ఎం3 అల్ట్రా చిప్‌తోనూ అమ్మకానికి పెట్టారు. పైస్థాయి మెషీన్‌లో ఉన్నది ముందు తరం చిప్! ప్రతి తరానికీ అల్ట్రా ఉండదని ఆపిలే చెప్పింది. కాబట్టి ల్యాప్‌టాప్‌లో కొత్త నంబరు కనిపించగానే పెద్ద మెషీన్ కూడా వస్తోందనుకోకండి. ఆ తరంలో అల్ట్రా ఉందా అన్నదే అడగాలి.

రెండోది కాగితాలు, అంటే నిబంధనలు, ప్రభుత్వ రిజిస్టర్లు. నా లెక్కలో వీటికే బరువెక్కువ. 2013 మార్చి 1 నుంచి యూరప్‌లో మ్యాక్ ప్రో అమ్మకాలు ఆగిపోయాయి. ఫ్యాన్లకు రక్షణ కవచం ఉండాలన్న భద్రతా నిబంధన అమల్లోకి రావడం దానికి ఒక కారణం. పాత డిజైన్‌ను మార్చకుండా, ఏకంగా ఒక మార్కెట్‌నే వదులుకున్నారంటే ఆ డిజైన్‌కు రోజులు దగ్గరపడ్డట్టే. జూన్‌లో కొత్తది చూపించారు. అలాగే రష్యా, దాని పొరుగు దేశాల కూటమికి చెందిన యురేషియన్ ఎకనమిక్ కమిషన్ రిజిస్టర్‌లో ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే కొత్త మోడల్ నంబర్లు విడుదలకు ముందే కనిపిస్తుంటాయి. అయితే అక్కడ పేరుండదు, నంబరు మాత్రమే ఉంటుంది. అది మ్యాక్ మినీదీ కావచ్చు.

కంపెనీ నోటిమాటనూ తూచాల్సిందే. 2017 ఏప్రిల్‌లో ఆపిల్ పెద్దలు ఫిల్ షిల్లర్, క్రెయిగ్ ఫెడరీగీ కొద్దిమంది విలేకరులను పిలిచి, కొత్త మ్యాక్ ప్రో తయారవుతోందనీ ఈ ఏడాది మాత్రం రాదనీ చెప్పారు. ఆ మాట నిజమయ్యేసరికి రెండేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. ఆ రోజు చెప్పిన తేదీ కంటే కారణం విలువైనది: సిలిండర్‌లో ఒకే హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు భాగం) చుట్టూ రెండు మోస్తరు గ్రాఫిక్స్ చిప్పులు పెట్టారు, ఒక్క పెద్ద వేడి చిప్‌ను అది మోయలేదు. రాబోయేదానిలో ఏం మారుతుందో అంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పరు.

డెలివరీ ఆలస్యమవుతోందన్న వార్తకు పెద్ద విలువ ఇవ్వకండి. మెమరీ కొరత వచ్చినా అలాగే ఆలస్యమవుతుంది.

ఇక మీ అవసరం సంగతి. విడిగా గ్రాఫిక్స్ కార్డు వేసుకుందామని ఎదురుచూస్తుంటే ఆగకండి. 2023 మ్యాక్ ప్రోలో ఆరు స్లాట్లు ఖాళీగా ఉన్నా గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు. మెమరీ కూడా తర్వాత పెంచలేం. 2019 మోడల్ 1.5 టీబీ దాకా తీసుకునేది, 2023 మోడల్ 192 జీబీ దగ్గరే ఆగింది. ఒక్క ఆడియో కార్డో వీడియో కార్డో చాలనుకుంటే మ్యాక్ స్టూడియోకు థండర్‌బోల్ట్ పెట్టె (కార్డును బయట పెట్టి కేబుల్‌తో కలిపేది) తగిలిస్తే సరిపోతుంది. 2025కు ముందు మ్యాక్ స్టూడియోల్లో ఉన్న థండర్‌బోల్ట్ 4లో సెకనుకు 40 గిగాబిట్లని రాసినా కార్డుకు అందేది 32 మాత్రమే. ఎన్‌వీఎంఈ డ్రైవులు (చాలా వేగమైన స్టోరేజీ) నాలుగైదు కలిపి వాడేవాళ్లకు అది చాలదు.

2010, 2012 మ్యాక్ ప్రో టవర్‌తోనే ఇంకొంతకాలం నెట్టుకొచ్చేవాళ్లు దాన్ని మ్యాక్‌ఓఎస్ మొహావీ దాకా తేవడానికి చేయాల్సిన పని ఇది. ముందు దానికి ముందు వెర్షన్ హై సియెర్రా 10.13.6 ఎక్కించి, ఫైల్‌వాల్ట్ (డిస్క్‌కు తాళం వేసే సదుపాయం) ఆపేయండి. తర్వాత మెటల్ (ఆపిల్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) పనిచేసే గ్రాఫిక్స్ కార్డు, ఉదాహరణకు 8 జీబీ ఆర్ఎక్స్ 580, పెట్టండి. మొహావీ ఇన్‌స్టాలర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అడిగినప్పుడు మెషీన్ ఆపి, పవర్ బటన్‌ను లైటు గబగబా మెరిసేదాకా నొక్కి పట్టుకోవాలి.

కరెంటు దగ్గరే చాలామంది పొరబడతారు. బోర్డు మీద ఉన్న రెండు చిన్న 6 పిన్ సాకెట్లు ఒక్కోటి 75 వాట్లు, స్లాటు మరో 75 వాట్లు ఇస్తాయి. కార్డుది 8 పిన్ అయితే రెండు సాకెట్లనూ కలిపే కేబులే కొనండి. ఒక్క సాకెట్ నుంచే లాగితే రెండర్ మొదలవగానే మెషీన్ ఆగిపోవచ్చు. మామూలు పీసీ కార్డుతో లాగిన్ దాకా తెర నల్లగానే ఉంటుంది కాబట్టి పాత కార్డు పారేయకండి, రికవరీలోకి వెళ్లాల్సి వస్తే దాన్నే మళ్లీ తగిలించాలి.