ట్రెయిలర్ కట్టే ముందు: వెనక రెండు టైర్లు చాలా, నాలుగు కావాలా?

అమెరికాలో పెద్ద ట్రెయిలర్ కోసం పికప్ చూసేవాళ్లు మొదట అడిగేది "ఇది ఎంత లాగుతుంది?" అని. లాగడం ఇంజిను పని. ఇప్పటి డీజిల్ ఇంజిన్లకు ఆ బలం సాధారణంగా సరిపోతుంది. ట్రెయిలర్ ముందుభాగం బరువు మాత్రం వచ్చి కూర్చునేది వెనక ఇరుసు మీద, దాని టైర్ల మీద. సింగిలా (వెనక పక్కకొకటి చొప్పున రెండు టైర్ల పికప్), డ్యూయలీయా (పక్కకు జంట చొప్పున నాలుగు టైర్లది) అన్నది తేలాల్సింది అక్కడే.

డ్రైవర్ తలుపు తెరవగానే అంచున ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. బ్రోషర్‌లోని అంకెను పక్కన పెట్టి దీన్నే నమ్మండి, ఎందుకంటే ఇది ఆ ఒక్క బండికి వేసిన లెక్క. బంపర్ కింది హిచ్‌కి (ట్రెయిలర్ తగిలించే కొక్కేనికి) తగిలించే ట్రెయిలరైతే దాని బరువులో 10 నుంచి 15 శాతం బండి మీద పడుతుంది. బెడ్‌లో, అంటే పికప్ వెనక సామాను పెట్టే తొట్టిలో, బిగించే ఫిఫ్త్ వీల్ రకం ట్రెయిలర్‌కి 15 నుంచి 25 శాతం.

నిండా సర్దిన ఫిఫ్త్ వీల్ 14,000 పౌండ్లు ఉందనుకుందాం. 20 శాతం చొప్పున పిన్ బరువు, అంటే బండి మీద పడే ట్రెయిలర్ బరువు, 2,800. బెడ్‌లో హిచ్ 200, నలుగురు మనుషులు 700, పనిముట్లు, సామాను 300. మొత్తం 4,000. స్టిక్కర్ మీద 3,700 ఉంటే, లాగే సామర్థ్యం ఇంకా మిగిలి ఉన్నా మోసే సామర్థ్యం దాటిపోయినట్టే. వెనక స్ప్రింగులకు దన్నుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయిస్తే వెనకభాగం కుంగకుండా ఉంటుందే తప్ప స్టిక్కర్ మీది అంకె పెరగదు. ఫిఫ్త్ వీల్ 12,000 లోపయితే 'ఒక టన్ను' అనే తరగతి సింగిల్ పికప్ హాయిగా సరిపోతుంది, 14,000 దాటితే డ్యూయలీ తీసుకోవాలి. మధ్యలో ఉంటే తూకం వేయకుండా నిర్ణయించుకోవద్దు.

టైర్ల లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. సింగిల్ బండ్లకు వచ్చే ఎల్‌టీ 275/70ఆర్18 సైజు, 'ఈ' లోడ్ రేంజి (బరువు మోసే తరగతి) టైరు ఒక్కోటి సుమారు 3,640 పౌండ్లు మోస్తుంది, అంటే రెండూ కలిపి 7,280. డ్యూయలీకి వచ్చే ఎల్‌టీ 245/75ఆర్17 విడిగా 3,197 మోస్తుంది కానీ, జంటగా ఉన్నప్పుడు 2,910 మాత్రమే లెక్కలోకి వస్తుంది. రోడ్డు వాలును బట్టి జంటలో ఒక దాని మీద ఎక్కువ భారం పడుతుంది, లోపలి టైరుకు గాలి తక్కువ తగిలి వేడి నిలుస్తుంది. అందుకే ఆ కోత. అయినా నాలుగూ కలిపితే 11,640. పైగా వెనక వెడల్పు ఎక్కువ కాబట్టి అడ్డగాలి కొట్టినా, పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినా బండి తక్కువ ఊగుతుంది.

డ్యూయలీలో అశ్రద్ధ జరిగేది లోపలి టైరు దగ్గరే. అది కంటికి కనబడదు. అందులో గాలి సగానికి పడిపోయినా, బయటి టైరు మోస్తూ ఉండటంతో బండి వంగదు. ఆ అదనపు బరువుకు బయటిది వేడెక్కి పేలుతుంది. రాడ్డుతో తట్టి చూస్తే పూర్తిగా దిగిపోయిన టైరు దొరుకుతుంది గానీ 80 పీఎస్ఐ ఉండాల్సినచోట 55 ఉన్న టైరు దొరకదు. పొద్దున్నే, బండి కదలకముందు, పొడవు మెడ గేజీతో ఆరు టైర్లూ కొలవండి. వాల్వ్ ఎక్స్‌టెన్షన్లు (గాలి పట్టడానికి వాల్వ్‌కి తగిలించే పొడుగు గొట్టాలు) వదులై గాలి కారడం మామూలే. కొలిచాక సబ్బునీళ్లు రాసి చూడండి. రెండు టైర్ల సందులో రాయి ఇరుక్కుందేమో టార్చి వేసి చూసి తీసేయండి, లేకపోతే అది పక్క గోడలను కోసేస్తుంది. ఒక్క టైరే మార్చాల్సి వస్తే పాతదానితో జత కుదరాలి. రెండింటి వ్యాసంలో పావు అంగుళం మించి తేడా ఉంటే పెద్దది భారమంతా మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోయి అరుగుతుంది. జంటలో ఒకటి దిగిపోతే మిగిలినదాన్ని నమ్ముకుని ఊరిదాకా పోవద్దు.

ట్రెయిలర్ లేనప్పుడూ డ్యూయలీతో తిరగాలి కదా. వెనక వెడల్పు దాదాపు 8 అడుగులు. డ్రైవ్‌త్రూ, ఆటోమేటిక్ కార్ వాష్, పార్కింగ్ గీతలు అన్నీ ఇరుకే. ఖాళీ బండి బరువు నాలుగు టైర్లకు పంచుకుపోతుంది కాబట్టి మంచులో, తడి గడ్డిలో సింగిల్ కన్నా త్వరగా జారుతుంది. ఏడాదికి రెండు మూడు ట్రిప్పులే అయితే, బరువు అనుమతిస్తే, సింగిలే మేలు.

బయలుదేరే ముందు ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలను తూచే కాటా) మీద తూకం వేయించండి. సామాను, మనుషులు, నిండా ఇంధనం ఉండాలి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఒక్కోటి ఒక్కో పలక మీద నిలవాలి. ట్రెయిలర్ విప్పి బండిని ఒక్కదాన్నే మళ్లీ తూచండి. రెండు తూకాల్లో బండి బరువు తేడాయే అసలు పిన్ బరువు. వెనక ఇరుసు బరువు తలుపు మీద ఆ ఇరుసుకు రాసిన పరిమితిలోపే ఉండాలి.

చక్రాలు విప్పి బిగించి ఉంటే మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, 50 నుంచి 100 మైళ్లు నడిచాక ఆగి నట్లన్నీ మరోసారి టార్క్ రెంచితో చూడండి.