యాకోబు పత్రికతో ఒక నెల: పొద్దున చదివిన వాక్యం సాయంత్రానికి పనిలో కనబడాలంటే

వాక్యం వినడంలో మనవాళ్ళకు కొరత లేదు. తెల్లారేసరికి నాలుగు వాట్సాప్ గ్రూపుల నుంచి నాలుగు వాగ్దానాలు వచ్చి ఉంటాయి, టీవీలో ప్రసంగం నడుస్తూనే ఉంటుంది, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు బైబిలు అట్టలో భద్రంగా ఉంటుంది. ఇంత విన్నాక పదింటికి ఆఫీసులో, పొలంలో, కొట్టు దగ్గర మన మాటా మన లెక్కా ఏమైనా మారుతున్నాయా అంటే చాలామంది దగ్గర జవాబు ఉండదు. కాబట్టి ఎక్కువ చదివే పద్ధతి ఇక్కడ చెప్పడం లేదు, తక్కువ చదివి ఎక్కువ చేసే పద్ధతి చెబుతున్నాను.

దీనికి యాకోబు పత్రిక, అంటే బైబిలు కొత్త నిబంధనలో యాకోబు పేరుతో ఉన్న ఉత్తరం తీసుకోండి. ఐదు అధ్యాయాలు, 108 వచనాలు, మొత్తం ఒక్కసారి కూర్చుంటే అరగంటలోపు అయిపోతుంది. పరలోకం గురించిన పెద్ద వర్ణనలు ఇందులో లేవు, నోటి మాట, కోపం, కూలి డబ్బు, కుర్చీ మర్యాదలు, వ్యాపారం ప్లానులు, రోగి మంచం, ఇవే ఉన్నాయి. ప్రొటెస్టెంట్ సంఘాలకు దారి వేసిన మార్టిన్ లూథర్‌కి ఈ పత్రిక పెద్దగా నచ్చలేదు, 1522లో రాసిన ముందుమాటలో దీన్ని గడ్డి పత్రిక అనేశాడు, అయినా తన బైబిల్లోంచి మాత్రం తీసేయలేదు. గుంటూరు లూథరన్ సంఘాల వాళ్ళు నా మీద కోప్పడక్కర్లేదు, ఇది ఆయన అన్నమాటే.

మొదటి రోజు ఐదు అధ్యాయాలూ ఒకేసారి చదివేయండి, ఏమీ రాసుకోవద్దు. రెండో రోజు నుంచి రోజుకు నాలుగైదు వచనాలు. అంకె చూసి ఆపకండి, మాట ఎక్కడ ముగిస్తే అక్కడ ఆపండి, ఎందుకంటే ఆ అంకెలు యాకోబు వేసినవి కావు. అధ్యాయాలుగా విడగొట్టింది 13వ శతాబ్దంలో, కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచనాల నంబర్లు 1551లో ఒక అచ్చుకర్త వేశాడు. చోటు వెతుక్కోవడానికి అవి చాలా పనికొస్తాయి, కానీ ఒక్క వచనాన్ని పత్రికలోంచి కత్తిరించి గోడకు తగిలించుకునే అలవాటు కూడా వాటి వల్లే మనకు తేలికైపోయింది.

ఉదాహరణకి యిర్మీయా 29:11 చూడండి. "అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే మాట మనింట్లో ఏదో ఒక క్యాలెండర్ మీద తప్పకుండా ఉంటుంది. వీసా ఇంటర్వ్యూ ముందు రోజు అందరూ పంపేది అదే. దానికి పైనున్న పదో వచనం ఎంతమంది చదివారు? డెబ్బై ఏళ్ళు గడిచాక తిరిగి రప్పిస్తానని ఉంది అక్కడ. ఇది బబులోనుకు చెరపట్టి తీసుకెళ్ళిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది బబులోనులోనే కన్నుమూయాలి. ఇంకాస్త పైకి వెళ్తే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టి తీసుకెళ్ళిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని ఉంది. ఇది చదివాక ఆ వాగ్దానం చిన్నదైపోదు, కానీ మనం ఈరోజు చేయాల్సిన పని మారిపోతుంది: వీసా వస్తుందా రాదా అన్న టెన్షన్ పక్కన పెట్టి, ఇప్పుడున్న ఊళ్ళో, నచ్చని ఆ ఉద్యోగంలో, పక్కవాళ్ళకు ఏం మేలు చేయగలనో చూడాలి. ఐదు వచనాలు కలిపి చదవమనేది ఇందుకే.

భాష సంగతి. పరిశుద్ధ గ్రంథం పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది, పెద్దవాళ్ళ నోట ఆ మాటలే ఉంటాయి కాబట్టి దాన్ని వదలొద్దు, గట్టిగా పైకి చదవండి, చెవికి పడితే త్వరగా కంఠతా వస్తుంది. అర్థం కాని చోట వాడుక భాషలో ఉన్న అనువాదం పక్కన పెట్టుకోండి, ఫోన్ యాప్‌లలో ఇప్పుడు రెండు మూడు దొరుకుతున్నాయి. చదవడం కష్టమైన అమ్మమ్మలకూ, కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తూ కూర్చునే తీరికే లేని అక్కలకూ ఆడియో బైబిలు సరిపోతుంది, అదే భాగాన్ని రెండుసార్లు వినాలి అంతే. ఏ టైములో అంటారా, తెల్లవారుజామున నాలుగింటికే లేవాలని రూలేం లేదు, హైదరాబాదులో నైట్ షిఫ్టు చేసేవాళ్ళకు సాయంత్రం ఐదే ఉదయం. పనిలోకి దిగకముందు, వాట్సాప్ తెరవకముందు, ఈ రెండూ ఉంటే చాలు.

చదివాక అడగాల్సిన ప్రశ్న

"ఇందులో నాకేం ఆశీర్వాదం ఉంది" అని అడగకండి. "ఇందులో నేనెవరిని" అని అడగండి. ఐదో అధ్యాయం నాలుగో వచనం తీసుకుందాం: "ఇదిగో మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." ఇది చదవగానే మనమందరం కూలివాళ్ళ వైపు వెళ్ళి నిలబడతాం, మనకు జీతం ఎగ్గొట్టిన వాడెవడో గుర్తొస్తాడు. ఒక్క నిమిషం ఆగి అటువైపు కూడా నిలబడి చూడండి. మిరపకాయలు కోసిన ఆడవాళ్ళకు "శనివారం సంత నాడు లెక్క చూద్దాంలే అమ్మా" అన్నది ఎవరు? ఇల్లు కట్టిన మేస్త్రికి చివరి పదివేలు ఏదో వంక పెట్టి ఆపింది ఎవరు? నాలుగు రోజులు ఊరెళ్ళిన పనిమనిషికి ఆ నాలుగు రోజులూ లెక్కేసి కోసి, అదే ఆదివారం కానుకల సంచిలో ఐదొందలు వేసింది ఎవరు? లేవీయకాండం 19:13 కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకోవద్దంటుంది, ద్వితీయోపదేశకాండం 24:15 పొద్దు గుంకక మునుపే ఇమ్మంటుంది. అంత పేదవాళ్ళకు ఆ పూట కూలే ఆ పూట బియ్యం, అందుకే అంత గట్టిగా చెప్పారు.

ఈరోజు ధ్యానం ఇదైతే ఈరోజు చేయాల్సిన పని కూడా తెలిసిపోయింది కదా. మేస్త్రికి ఫోన్ చేసి సాయంత్రంలోగా డబ్బు పంపడం. దాని గురించి అరగంట ప్రార్థన చేయక్కర్లేదు, ఫోన్‌పే చేసి వచ్చి అప్పుడు ప్రార్థన చేయండి, అప్పుడు నోరు బాగా తెరుచుకుంటుంది.

ఒక చిన్న నోట్‌బుక్కు పెట్టుకుని రోజుకు ఒక్క వాక్యం రాయండి. అందులో మనిషి పేరు ఉండాలి, వేళ ఉండాలి. "ప్రేమగా ఉండాలి" అని రాస్తే అది నోట్‌బుక్కులోనే ఉండిపోతుంది. "మధ్యాహ్నం భోజనాల వేళ వదినకు ఫోన్ చేసి, మొన్న పెళ్ళిలో అన్నమాటకు క్షమించమని అడగాలి" అని రాయండి. రాయడానికి చెయ్యి రాకపోతే అదే ఈరోజు వాక్యం మిమ్మల్ని పట్టుకున్న చోటు.

కొన్ని భాగాలు పనిలో ఎలా ఉంటాయంటే

"ప్రతి మనుష్యుడు వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును, కోపించుటకు నిదానించువాడునై యుండవలెను" (1:19). దీన్ని ఇంట్లో ఒక్క మనిషి దగ్గర అమలు చేయండి, ఎవరితో మాట్లాడితే మీకు త్వరగా బీపీ పెరుగుతుందో వాళ్ళ దగ్గర. వాళ్ళు మాట్లాడటం ముగించేదాకా మధ్యలో అందుకోకూడదు, అంతే ఈరోజు పని. వినడానికి ఏమంత గొప్పగా లేదు కానీ చేసి చూడండి.

రెండో అధ్యాయం మొదట్లో బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చిన మనిషికి మంచి చోటు, మురికి బట్టలతో వచ్చిన బీదవాడికి కాళ్ళ దగ్గర చోటు చూపించిన సంఘం ఉంది. మన మందిరాల్లో ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలు ఎవరి కోసం వేస్తాం, వెనక చాపల మీద ఎవరు కూర్చుంటారు, ప్రసంగం మధ్యలో ఎమ్మెల్యేగారు వస్తే ఎంతమంది లేస్తారు, ఈ ఆదివారం ఊరికే గమనించండి. వీలైతే వెళ్ళి చాప మీద కూర్చోండి. అక్కడితో ఆగదు ఈ భాగం. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, పెళ్ళి సంబంధాల దగ్గరకొచ్చేసరికి "మనవాళ్ళేనా" అని మెల్లగా వాకబు చేసే అలవాటుని కూడా యాకోబు పక్షపాతం అనే అంటాడని నా నమ్మకం. దీనికి ఒక్కరోజు పని సరిపోదు, కానీ ఆ ప్రశ్న మీ నోట రాకుండా ఆపుకోవడం మొదలు కావచ్చు.

మూడో అధ్యాయం నాలుక గురించి. ఇక్కడ ఒక సంగతి మనవాళ్ళకే తెలుసు: స్త్రీల కూడికలోనైనా యూత్ గ్రూపులోనైనా, "ఫలానా వాళ్ళ అమ్మాయి కోసం ప్రార్థన చేయండి, ఏం జరిగిందంటే..." అని మొదలయ్యే మాట. ప్రార్థన అంశం అనే పేరు పెట్టేసరికి అవతలివాళ్ళ ఇంటి గుట్టు ఊరంతా తిరిగొస్తుంది, పైగా ఎవరూ తప్పు పట్టలేరు. మూడో అధ్యాయం చదివే రోజుల్లో ఒక నియమం పెట్టుకోండి, ఆ మనిషి అనుమతి లేకుండా వాళ్ళ కష్టం ఎక్కడా చెప్పకూడదు, పేరు చెప్పకుండా ప్రార్థించినా దేవునికి అడ్రసు తెలుసు. గ్రూపుల్లో వచ్చే ఫార్వర్డులకూ ఇదే. ఫలానా చోట మనవాళ్ళ మీద దాడి జరిగింది, వెంటనే అందరికీ పంపండి అని వస్తే, నిజమో కాదో తేలేదాకా వేలు ఆపుకోవడం కూడా వాక్యాన్ని పాటించడమే.

నాలుగో అధ్యాయం చివర రేపటి వ్యాపారం గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళకు "ప్రభువు చిత్తమైతే" అని చెప్పుకోమంటాడు. మనం ఆ మాటని రానని చెప్పడానికి మర్యాదైన దారిగా వాడేసుకున్నాం, "ప్రభువు చిత్తమైతే వస్తాం బ్రదర్" అంటే కుర్చీ వేయక్కర్లేదని పిలిచినవాళ్ళకూ తెలుసు. ఈ వారం వెళ్ళలేకపోతే వెళ్ళలేనని చెప్పండి. ఐదో అధ్యాయంలోనే ఉంది, అవునంటే అవును, కాదంటే కాదు.

సాయంత్రం

పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు ఆ నోట్‌బుక్కు తెరవాలి. ఇది పాత అలవాటే, విజయవాడ లయోలా కాలేజీకి ఎవరి పేరు పెట్టారో ఆ కథోలిక గురువు ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలోనే తనవాళ్ళకు రోజును దేవుని ముందు తిరగేసి చూసుకోవడం నేర్పించాడు. మీరు ప్రొటెస్టెంట్ అయినా ఇబ్బందేం లేదు, వాడుకోండి. పొద్దున రాసిన పని జరిగిందా? జరిగితే పక్కన టిక్కు పెట్టి స్తోత్రం చెప్పండి. జరగకపోతే ఎక్కడ ఆగిపోయిందో ఒక మాట రాసి, అదే పనిని రేపటికి మార్చండి. కొత్త భాగానికి తొందరేం లేదు, ఒకే వచనం దగ్గర మూడు రోజులు ఆగిపోయినా పర్లేదు. మధ్యలో నాలుగు రోజులు తప్పిపోతే ఆ బాకీ అంతా ఒక్క ఆదివారం కూర్చుని తీర్చకండి, ఆపిన చోట నుంచే మొదలుపెట్టండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. యాకోబుని చదివేవాళ్ళు రెండు వైపులా జారుతుంటారు. కొందరు తమను తామే కొట్టుకుంటారు, టిక్కులు తగ్గినకొద్దీ దేవుడు దూరమైపోయాడని భయపడతారు. వాళ్ళు 1:5 దగ్గర కాసేపు ఆగాలి, జ్ఞానం అడిగితే దేవుడు గద్దించకుండా ధారాళంగా ఇస్తాడని ఉంది. క్రియలు ముందా కృప ముందా అన్న సందేహం వస్తే ఎఫెసీయులకు 2:8 దగ్గర ఆపకుండా పదో వచనం దాకా చదవండి, రెండూ ఒకే చోట ఉన్నాయి. ఇంకొందరు తాము చదివింది ఇంట్లోవాళ్ళ మీదికి తిప్పుతారు. కుటుంబ ప్రార్థనలో నాన్న నాలుక గురించి చదువుతూ కళ్ళజోడు పైనుంచి అమ్మ వైపు చూడటం, అమ్మ లోబడమనే మాట రాగానే పిల్లల వైపు చూడటం. పిల్లలు బైబిలంటే విసుక్కునేది అక్కడే. కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరూ తమకు తగిలిన మాటే చెప్పాలి, పక్కవాళ్ళకు తగలాల్సింది చెప్పకూడదు అని ముందే అనుకోండి. పెద్దవాళ్ళు మొదట చెప్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చెప్తారు.

చివరి అధ్యాయంలో రోగి కోసం పెద్దలు వచ్చి ప్రార్థన చేసే భాగం ఉంది, నూనె రాయడం గురించీ ఉంది. ఆ రోజు పని తేలికే, సంఘంలో మంచం పట్టిన ఒకరి ఇంటికి వెళ్ళి రండి. ప్రార్థన చేయండి, డాక్టరు రాసిచ్చిన మందులు వేసుకుంటున్నారా అని అడగండి, బీపీ షుగరు మాత్రలు మానేయమని మాత్రం ఎవరూ చెప్పకండి, అలాంటి మాట ఈ పత్రికలో లేదు. తొందరగా లేచి రాకండి, వాళ్ళకు ప్రసంగం కంటే పక్కన కూర్చునే మనిషి కావాలి.

నెల అయ్యాక మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయాలకు వెళ్ళండి. అవి 111 వచనాలు, ఇంచుమించు ఇంతే పొడవు, పైగా యాకోబు చెప్పిన చాలా మాటలకు మూలం అక్కడ కనబడుతుంది. నోట్‌బుక్కు అదే ఉంచుకోండి, టిక్కు పడకుండా మిగిలిన పనులను మొదటి పేజీలోకి ఎత్తి రాసుకున్నాక మత్తయి మొదలుపెట్టండి.