గల్లీలోకి జనరేటర్ ట్రాలీ తోలే ముందు

వినాయక చవితి ఇంకా పది రోజులుందనగానే మండపాల పిల్లల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, జనరేటర్ కావాలె. కానీ మా గల్లీలకు ట్రాక్టర్ రాదు." హైదరాబాద్‌లో అడిక్‌మెట్, చిక్కడపల్లి, బేగంబజార్ గల్లీలు తెలిసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ట్రాక్టర్ లోపలికి ఎలాగోలా వెళ్లినా ట్రాలీని తిప్పి పెట్టే చోటుండదు. ఇంతకుముందు ఎనిమిది మందిమి భుజాలు ఆనించి తోసేవాళ్లం. ఇప్పుడు చేత్తో పట్టుకుని నడిపే బ్యాటరీ మూవర్లు వచ్చాయి. ట్రాలీ ముక్కుకు తగిలించి హ్యాండిల్ పట్టుకుంటే ఒక్క మనిషి రెండు టన్నుల బండిని నడిపించుకుపోతాడు.

మంచి మిషనే, కాదనను. కానీ కొత్తగా పట్టుకున్న ప్రతివాడికీ ఒక భ్రమ ఉంటుంది. ఇంత బరువు లాగుతున్నది ఆపడం కూడా చూసుకుంటుంది కదా అని. చూసుకోదు. లాగడం మిషన్ పని, ఆపడం మన పని. బండి ఎక్కడ, దేనితో ఆగుతుందో బయల్దేరక ముందే తేల్చుకోవాలి.

లెక్క చూడండి. చదునైన సీసీ రోడ్డు మీద 2 టన్నుల ట్రాలీ దొర్లుతూ ఉండటానికి 40 కిలోల బలం చాలు. అందుకే అంత సుళువుగా కదులుతుంది. 20 అడుగులకు 1 అడుగు వాలు ఉందనుకోండి, కంటికి సరిగా ఆనను కూడా ఆనదు. అక్కడ బండి 100 కిలోల బలంతో కిందికి గుంజుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు 8 అడుగులకు 1 అడుగు ఉంటే 250 కిలోలు. ఈ గుంజుడంతా తట్టుకోవాల్సింది మూవర్ చిన్న చక్రాల పట్టు. ఆ పట్టు మోటారుతో వచ్చేది కాదు, చక్రాల మీద పడే బరువుతో వచ్చేది. మిషన్ 150 కిలోలు, ట్రాలీ ముక్కు దాని మీద మోపే బరువు ఇంకో 150 అనుకుంటే మొత్తం 300. పొడి సిమెంటు మీద అందులో సగానికి పైగా పట్టుగా దొరుకుతుంది. తడిసిన నున్నటి షాబాదు బండ మీద మూడో వంతు కూడా దొరక్కపోవచ్చు. అంటే 100 కిలోల గుంజుడుకు కూడా ఆ పట్టు చాలకపోవచ్చు. మిగతాది మీ చేతుల మీద పడుతుంది.

పోయినేడు ఒక గల్లీలో ఇది కళ్లారా చూశాను. సాయంత్రం వాన పడి వెలిసింది. ఒక ఇంటి ముందు నాలుగు గజాల మేర షాబాదు బండలు, వాటి మీద సన్నటి బురద పొర. వాలు ఉందని నాకు అనిపించనే లేదు. హ్యాండిల్ వదిలేశాను, బ్రేకు పడింది, టక్కుమన్న చప్పుడు కూడా వినిపించింది. చక్రం తిరగడం లేదు, అయినా బండి వస్తూనే ఉంది. ట్రాలీ చక్రం పక్కన అడ్డు చెక్క పట్టుకుని నడుస్తున్న తమ్ముడు దాన్ని టైరు కిందికి తన్నాడు. చెక్క పటపటమని నిలువునా చీలింది, కానీ ఆగింది. అప్పటికి హ్యాండిల్‌కూ నా వెనక గేటు గోడకూ మధ్య జానెడు చోటుంది. ఆ జానెడులో నేనున్నాను.

అప్పటినుంచి మా బండి పక్కన ఇద్దరు అడ్డు చెక్కలు పట్టుకుని నడుస్తారు, చెరో చక్రానికి ఒకరు. ఇంకే పనీ చెప్పం. చెక్క గట్టిదై ఉండాలి, ప్యాకింగ్ పెట్టెల చెక్క పనికిరాదు. దానికి తాడు కట్టి లాగుతూ నడిస్తే చేతులు టైరు దగ్గరికి పోవు.

ముందురోజు టేపు పట్టుకుని దారంతా నడవండి. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు దొరికితే వాలు కూడా కొలవచ్చు, కంటిని నమ్మొద్దు. 20కి 1 కన్నా ఎక్కువ ఉందా, ఆ ముక్క వరకు మూవర్‌ను పక్కన పెట్టి ట్రాక్టరో జీపో పిలిపించండి. అదీ రాకపోతే జనరేటర్‌ను గల్లీ బయటే పెట్టి కేబుల్ లాగండి. కేబుల్ కిరాయి ఎక్కువవుతుందని మండపం వాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

మలుపుల దగ్గర ట్రాలీ పొడవు ఒక్కటే కొలిచి మోసపోతారు. 12 అడుగుల ట్రాలీ ఇరుసు మీద తిరుగుతుంటే, ఇరుసు నుంచి ముందుకు 6 అడుగులు, ముక్కు 4, మిషనూ దాని ముందు మనిషీ కలిపి ఇంకో 5. మొత్తం 15 అడుగుల చుట్టు మనకే కావాలి. ఇక ముక్కు ఎడమకు తిప్పితే తోక కుడికి కొడుతుంది. హ్యాండిల్ పట్టుకున్నవాడికి ఆ తోక కనపడదు. గోడకు, ట్రాలీకి మధ్య నిలబడి "రానీ, రానీ" అనే మనిషి ఎప్పుడూ ఉంటాడు, ముందు అతన్ని అక్కణ్నుంచి తీసేయండి.

డ్రైనేజీ మూతలు, నాలా మీది పలకలు సున్నంతో గుర్తు పెట్టి తప్పించుకుని పొండి. తప్పకపోతే మందపాటి ఇనప రేకు వేసి దాని మీదుగా.

పైన తీగలు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో రథం లాగే బండి ఆగిపోతే జనం చేతులతో లాగారు. కరెంటు షాకుకు ఐదుగురు చనిపోయారు. వీధికి అడ్డంగా పోయే ఎల్టీ తీగ, అంటే ఇళ్లకు కరెంటిచ్చే తక్కువ వోల్టేజీ తీగ, నియమం ప్రకారం 5.8 మీటర్ల ఎత్తుండాలి, అంటే 19 అడుగులు. సాగిన తీగ అంత ఎత్తులో ఉండదు. 14 అడుగుల విగ్రహం 4 అడుగుల ట్రాలీ ఎక్కితేనే 18. జనరేటర్ పొట్టిదే కదా అని ఊరుకోవద్దు, దాని మీద నిలబెట్టిన లైట్ల స్తంభం పొట్టిది కాదు. కర్రతో తీగ ఎత్తే పని ఎవరినీ చేయనివ్వకండి. లైన్‌మన్‌ను పిలిపించి లైన్ ఆపించాకే కదలండి.

మిషన్‌ను బండికి తగిలించక ముందు ఖాళీగా నడిపి చూడండి. హ్యాండిల్ వదిలితే వెంటనే ఆగాలి. ఎర్ర బటన్ నొక్కితే చావాలి. కొన్నింటికి హ్యాండిల్ చివర పొట్టకు తగిలే బటన్ ఉంటుంది. గోడకు నొక్కుకుపోతున్నప్పుడు మిషన్‌ను వెనక్కి పంపేది అదే. అది పనిచేయకపోతే ఆ రోజుకు పని లేదు. తాబేలు బొమ్మ ఉన్న తక్కువ స్పీడు మీదే నడపండి. రెండు టైర్లలో గాలి సమంగా ఉందా చూసుకోండి, ఒకటి తగ్గితే బండి అటే ఈడుస్తుంది. డీజిల్ అక్కడికి చేరాక పోయించుకోండి, 150 లీటర్లంటే 125 కిలోలు తగ్గినట్టే. కేబుల్ చుట్టలు ముక్కు వైపు పెట్టండి. తోక మీద ఎవరినీ ఎక్కనివ్వొద్దు, తోక బరువెక్కితే ముక్కు లేస్తుంది, మూవర్ చక్రం పట్టు పోతుంది.

కొద్దిపాటి వాలులోనూ బండికి దిగువన మనిషి ఉండకూడదు, నడిపేవాడు కూడా. దిగేటప్పుడు ట్రాలీ ముందు, మిషన్ ఎగువన. అలా ఉన్నప్పుడు ముక్కు మీద బరువు ఇంకొంచెం తగ్గుతుందని మర్చిపోకండి.

"రైట్ రైట్" చెప్పేది ఒక్కడే. "హోల్డాన్" మాత్రం ఎవరైనా అనొచ్చు, ఆరేళ్ల పిల్ల అన్నా ఆపాల్సిందే. డప్పులు, డీజే ఉంటే మాట వినపడదు. ఆ పది నిమిషాలు ఆపించండి, విజిల్ ఇవ్వండి.

చేరాక చక్రాలకు రెండు వైపులా అడ్డు చెక్కలు, నాలుగు జాకీ కాళ్లు దించి, అప్పుడు మిషన్ విప్పండి. తాళం చెవి మీ జేబులోకి. మండపం దగ్గర పిల్లలు ఆ తాబేలు బటన్ నొక్కకుండా ఉండరు. చెక్కలను మాత్రం నిమజ్జనం రోజు ముక్కుకు మళ్లీ హుక్కు తగిలించేదాకా ఎవరూ కదపొద్దు.