జ్వరాల కాలం రాకముందే రోగుల వివరాలు భద్రం చేసుకుందాం

వానలు మొదలైతే చిన్న నర్సింగ్‌హోములకూ ల్యాబులకూ ఊపిరి సలపదు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలకు వచ్చినవాళ్లు వరండా నిండి మెట్ల మీద కూర్చుంటారు. సెలైన్ సీసాలు, కిట్లు ముందే తెప్పించి పెట్టుకుంటాం. రోగుల వివరాలు పొక్కకుండా చూసుకునే ఏర్పాటు మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ల్యాబులో ఒకే పేరున్న ఇద్దరు ఒకే ఉదయం రక్తం ఇచ్చారు. ఒకరిది జ్వరం పరీక్ష, మరొకరిది గర్భ నిర్ధారణ. రెండో ఆమెకు పెళ్లి కాలేదు. రద్దీలో ఆమె రిపోర్టు మొదటి ఆమె వాట్సాప్‌కు వెళ్లింది. ఇద్దరిదీ ఒకే వీధి. సందేశం తొలగించేసరికే చదివేశారు.

కాబట్టి పేరు చూసి రిపోర్టు పంపవద్దు. నమోదు సంఖ్య, వయసు, ఫోను నంబరు మూడూ సరిపోలాలి. నంబరు రాసుకున్నాక తిరిగి చదివి వినిపించండి. చాలా ఇళ్లలో ఇద్దరు ముగ్గురికి ఒకటే ఫోను. అది భర్తదో, కొడుకుదో, వెంట వచ్చిన ఆర్ఎంపీదో కావచ్చు. "రిపోర్టు దీనికే పంపమంటారా, మీరే వచ్చి తీసుకుంటారా?" అని రోగినే అడగండి, అదీ పక్కవాళ్లకు వినపడకుండా.

హెచ్ఐవీ ఫలితాన్ని వాట్సాప్‌లో పంపనే పంపవద్దు. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, కొద్ది మినహాయింపులు తప్ప, రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు. కేస్ షీటు అట్ట మీద ఎర్ర సిరాతో రాయడం చెప్పడం కాక మరేమిటి? చేతి తొడుగులూ సూదుల జాగ్రత్తలూ ప్రతి రోగి దగ్గరా పాటించాల్సినవే. ఆ గుర్తుతో సిబ్బందికి అదనంగా కలిగే రక్షణ లేదు.

కౌంటరులో పరీక్ష పేరు పెట్టి పిలవకుండా టోకెన్ సంఖ్యతో పిలవండి. రిజిస్టరు తెరిచి ఉంచవద్దు. సీజనుకని తీసుకున్న కుర్రాళ్లకు ఎవరి లాగిన్ వారికి ఇచ్చి, మానేసిన రోజే మూసేయండి. రిపోర్టులు పంపే ఫోను ల్యాబులోనే ఉండాలి. సొంత ఫోను వాడితే ఆ ఫొటోలన్నీ గ్యాలరీలో చేరి ఇంట్లో పిల్లల చేతిలో పడతాయి. పాత రిపోర్టులను తూకానికి అమ్మే ముందు ముక్కలు చేయండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కాగితాల జోలికి రాకపోయినా, వాటి మీద ఉన్నదీ మనిషి పేరే.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే, రోజుల తరబడి ఓపీ, ల్యాబ్ పనులు చేతిరాతతో నడిపారు. అంత పెద్ద సంస్థకే తప్పలేదు. వారానికోసారి కాపీ తీసి, ఆ డిస్కును కంప్యూటర్ నుంచి విడదీసి దాచండి. దాని నుంచి వివరాలు తిరిగి వస్తున్నాయో లేదో రద్దీ మొదలవకముందే ఒకసారి పరీక్షించండి.

కంప్యూటర్లలోకి ఎవరైనా చొరబడితే ముందు నెట్ తీగ పీకేయండి. ఏదీ చెరపకండి. ఏ గంటకు ఏం గమనించారో రాసిపెట్టండి. 2022 నాటి ఆదేశాల ప్రకారం, తెలిసిన 6 గంటల్లోగా సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. ఆపైన వివరాలు బయటపడితే డేటా పరిరక్షణ బోర్డుకూ, రోగికీ చెప్పాల్సిందే. తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు.

రిపోర్టు ఒక్కటే తప్పు నంబరుకు వెళ్లినా, ముందు రోగికి ఫోను చేయండి. ఏం వెళ్లిందో, ఎవరికి వెళ్లిందో దాచకుండా చెప్పండి. ఆ రోజు మేము ఫోను చేయలేదు. ఎలా చెప్పాలా అని సాయంత్రం దాకా ఆలోచిస్తూ కూర్చున్నాం. ఈలోగా వీధిలోవాళ్లే ఆ అమ్మాయికి చెప్పారు.