బటన్ల ఫోనా, టచ్ ఫోనా: కొనేముందు చూసుకోవలసినవి

విజయవాడ బీసెంట్ రోడ్డుకు ఫోను కొనడానికి బయలుదేరే ముందు, రోజూ ఏ భాషలో, ఎంత టైపు చేస్తారో తేల్చుకోవాలి. బటన్ల స్మార్ట్‌ఫోనులో కీల మీద సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి కాబట్టి, ‘లక్ష్మి’ అని రాయడానికి ఏడు ఇంగ్లీషు కీలు నొక్కి, ఆపైన వచ్చింది ‘లక్ష్మి’యో ‘లక్ష్మీ’యో సరిచూసుకోవాలి. టచ్ ఫోనులో గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డు పెట్టుకుంటే తెలుగు అక్షరాలు తెరమీదే కనిపిస్తాయి, మైకు నొక్కి పలికినా రాసిపెడుతుంది. తెలుగులో ఎక్కువగా రాసేవారికి నా ఓటు దీనికే.

అయితే గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మధ్య నిలబడి, చెమట పట్టిన వేళ్లతో తూకం లెక్కలు పంపేవారి సంగతి వేరు. వేలి విద్యుత్ ప్రభావాన్ని పసిగట్టి పనిచేసే తెర తడికి తికమక పడుతుంది. బటను నొక్కితే చాలు. (కారపు దుమ్ము సందుల్లో చేరితే అదీ మొరాయిస్తుందనుకోండి.)

చవకగా వస్తోందని పాత బ్లాక్‌బెర్రీ బటన్ల ఫోను తీసుకోకండి. ఆ సంస్థ సొంత ఓఎస్ (ఫోనును నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఉన్న ఫోన్లకు 2022 జనవరి 4న సేవలు ఆగిపోయాయి. 2018 నాటి బ్లాక్‌బెర్రీ కీ2 మోడల్ ఆండ్రాయిడ్‌దే అయినా, మీ బ్యాంకు యాప్ అందులో తెరుచుకుంటుందో లేదో అమ్మేవారి ఎదుటే చూడండి. అక్కడే మీ ఇంటి చిరునామాను రెండు రకాల ఫోన్లలోనూ టైపు చేసి, తప్పులు లెక్కపెట్టండి.